ప్రతిభ, తర్ఫీదు, ఎంపిక: ఉత్తర తెలంగాణలో గురుకుల, నవోదయ ప్రవేశ పరీక్షల చరిత్ర

వ్యాస సంగ్రహం:

పల్లె పిల్లల్లోని ప్రతిభను గుర్తించి, తల్లిదండ్రుల స్థోమతతో నిమిత్తం లేకుండా మేలైన చదువు అందించాలన్న ఆశయంతో 1971లో సర్వేలు గురుకుల పాఠశాల, 1986 జాతీయ విద్యావిధానాన్ని అనుసరించి నవోదయ విద్యాలయాలు ఏర్పడ్డాయి. ఈ రెండింటి వెనుకా ఉన్న నాయకుడు పూర్వ కరీంనగర్ జిల్లాకు చెందిన పి.వి. నరసింహారావు. తర్ఫీదు లేని ప్రతిభను వెదకడానికి ఏర్పడిన ప్రవేశ పరీక్ష కాలక్రమంలో తర్ఫీదుకే కొత్త రంగమైంది. ఆ పరిణామాన్ని పూర్వ కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. పరీక్షాపత్ర నిర్మాణం, ప్రవేశ నిబంధనలు, భాషా మాధ్యమం, ప్రత్యామ్నాయ ఎంపిక పద్ధతులు అనే నాలుగు కోణాలు ఇందులో చర్చకు వస్తాయి.

కీలక పదాలు: ప్రవేశ పరీక్ష, తర్ఫీదు, గురుకులం, నవోదయ, ఖాన్గీ బడి, మార్లవాయి, గోండీ, లాటరీ.

1. ఉపోద్ఘాతం:

తెలుగు నేలపై చదువు మొదలయ్యేది అక్షరాభ్యాసంతో. ఉత్తర తెలంగాణ కుటుంబాలు బిడ్డను బాసర సరస్వతి సన్నిధికి తీసుకుపోయి పలక మీద తొలి అక్షరం దిద్దిస్తాయి. అక్కడ ఎంపిక లేదు. వచ్చిన ప్రతి బిడ్డా అక్షరానికి అర్హులే. అదే బిడ్డకు తొమ్మిదో పదో ఏడు వచ్చేసరికి మరో ఘట్టం ఎదురవుతుంది. గురుకులం, నవోదయ, సైనిక్ పాఠశాల పేర్లతో హాల్ టికెట్ చేతికి వస్తుంది. ఈ రెండో ఘట్టంలో ఎంపికే ప్రధానం. కొద్దిమంది లోపలికి పోతారు, ఎక్కువమంది వెనక్కి వస్తారు.

తెలుగులో విద్యా చరిత్ర రచన ఎక్కువగా పాఠశాలల స్థాపన, గ్రంథాలయోద్యమం, మాధ్యమ వివాదం, విశ్వవిద్యాలయాల వికాసం చుట్టూ సాగింది. బడిలోకి ఎవరు, ఏ పద్ధతిలో ప్రవేశించారన్న ప్రశ్నకు దక్కిన చోటు తక్కువ. ప్రవేశ పరీక్షను పాలనాపరమైన ఏర్పాటుగా మాత్రమే చూడటం ఇందుకు ఒక కారణం. అయితే ఒక సమాజం ప్రతిభ అని దేనిని పిలుస్తుందో, దానిని ఎవరి ఇంట్లో వెదుకుతుందో తెలిపే చారిత్రక ఆధారం ప్రవేశ పరీక్షే.

ఈ పరిశీలనకు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు అనువైనవి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనకు ముందు కరీంనగర్‌లో 57, ఆదిలాబాద్‌లో 52 మండలాలు ఉండేవి. 2011 జనగణన ప్రకారం అక్షరాస్యత కరీంనగర్‌లో సుమారు 64 శాతం, ఆదిలాబాద్‌లో 61 శాతం. గోదావరికి అటూ ఇటూ ఉన్న ఈ పొరుగు జిల్లాలను ఒకే పరీక్ష ఒకే తీరుగా కొలిచింది. ఆ పరీక్షకు సిద్ధమయ్యే అవకాశం మాత్రం రెండు చోట్లా ఒకే తీరుగా లేదు.

2. ప్రవేశ పరీక్షకు ముందు - ఖాన్గీ బడి, మార్లవాయి:

నిజాం కాలంలో ఈ జిల్లాల బాలలకు బడి ప్రవేశంలో ఎదురైన అడ్డంకి పరీక్ష కాదు, బడి లేకపోవడం. ఉన్న సర్కారు బడుల్లో బోధన ఉర్దూలో సాగేది. తెలుగు చదువుకు ఆధారం వీధిబడులు, అప్పటి వ్యవహారంలో ఖాన్గీ బడులు. ఖాన్గీ అంటే ప్రైవేటు. వీటి స్థాపనకు ప్రభుత్వానుమతి తప్పనిసరి చేస్తూ 1920వ దశకంలో వచ్చిన నిబంధనలు తెలంగాణలో పెద్ద ఆందోళనకు దారితీశాయి. 1930లో జోగిపేటలో మొదలైన నిజామాంధ్ర మహాసభలు ఈ ఆంక్షల తొలగింపును పదేపదే కోరాయి. ఆ సభల్లో నాలుగోది 1935లో కరీంనగర్ జిల్లా సిరిసిల్లలో జరిగింది. అంటే ఆనాడు ప్రైవేటు బడి అన్న మాటకు మాతృభాషలో చదువుకునే హక్కు అన్న అర్థం ఉండేది. రుసుము, పోటీ, ఎంపిక అన్న అర్థాలు దానికి తరువాతి కాలంలో చేరాయి.

సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి విద్యాభ్యాసం ఆ కాలపు తీరుకు తెలిసిన ఉదాహరణ. ఊళ్ళో వీధిబడి, సిరిసిల్లలో మాధ్యమిక విద్య, కరీంనగర్‌లో ఉన్నత పాఠశాల, ఆ తరువాత హైదరాబాదు - ఇలా ఉర్దూ మాధ్యమంలో సాగిన చదువు అది. ప్రతి మెట్టుకూ ఊరు మారవలసి వచ్చేది. దూరం, వసతి, భాష అనే మూడే ఆనాటి వడపోత సాధనాలు. భరించగలిగిన కుటుంబాల పిల్లలు చదివారు, తక్కినవారు ఆగిపోయారు.

ఆదిలాబాద్ కొండల్లో పరిస్థితి మరింత భిన్నం. 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీం మరణం తరువాత గిరిజన ప్రాంతాల స్థితిగతులను అధ్యయనం చేసేందుకు నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను వినియోగించుకుంది. ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. కొద్దిపాటి చదువు ఉన్న గోండు యువకులకే శిక్షణ ఇచ్చి, తమ గూడేల్లో తమ భాషలో చదువు చెప్పే పంతుళ్ళుగా తీర్చిదిద్దడం ఆ పథకం సారం.

ప్రతిభను వెదికి బయటకు తీసుకుపోవడం మార్లవాయి పథకంలో లేదు, చదువునే గూడేనికి తీసుకురావడం ఉంది. తర్ఫీదు బాధ్యత అక్కడ పిల్లవాడిది కాదు, ఉపాధ్యాయుడిది. తరువాతి దశాబ్దాల్లో ఈ పద్ధతి కొనసాగలేదు. ఆశ్రమ పాఠశాలల్లో తెలుగు ప్రధాన బోధనా భాష అయింది. ప్రవేశ పరీక్షల యుగం మొదలయ్యాక తర్ఫీదు భారం పూర్తిగా బాలల మీదికి, వారి తల్లిదండ్రుల మీదికి మారింది.

3. సర్వేలు నుంచి నవోదయ దాకా:

హైదరాబాదులో జాగీర్దారుల పిల్లల కోసం 1923లో నెలకొన్న జాగీర్దార్ కళాశాల 1951లో హైదరాబాదు పబ్లిక్ స్కూలుగా మారింది. 1962లో విజయనగరం సమీపంలోని కోరుకొండలో సైనిక్ పాఠశాల వెలసింది. వసతితో కూడిన నాణ్యమైన పాఠశాల విద్య అంటే తెలుగువారికి చాలాకాలం ఇలాంటి ఒకటి రెండు పేర్లే గుర్తుకు వచ్చేవి. వీటికీ ఉత్తర తెలంగాణ పల్లెలకూ మధ్య దూరం భౌగోళికం మాత్రమే కాదు.

ఈ దూరాన్ని ప్రభుత్వం తరఫున తగ్గించే ప్రయత్నం 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైంది. 1957 నుంచి కరీంనగర్ జిల్లా మంథని శాసనసభ్యుడిగా ఉన్న పి.వి. నరసింహారావు అంతకుముందు రాష్ట్ర విద్యాశాఖ మంత్రి. 1971 సెప్టెంబరు నెలాఖరులో ముఖ్యమంత్రి అయ్యారు. సర్వేలు గురుకుల పాఠశాల ఆయన ఆలోచనా ఫలం. 1972లో గుంటూరు జిల్లా తాడికొండ, అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళి గురుకులాలు చేరాయి. పేరులో పాత గురుకులం, నిర్వహణలో ఆధునిక వసతి పాఠశాల, ప్రవేశానికి పోటీ పరీక్ష - ఈ మూడింటి కలయికగా తెలుగునాట కొత్త విద్యాసంస్థ రూపొందింది.

1985 సెప్టెంబరులో కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వశాఖ ఏర్పడినప్పుడు దాని తొలి మంత్రి కూడా పి.వి. నరసింహారావే. ఆ హయాంలోనే 1986 జాతీయ విద్యావిధానం వెలువడింది. ప్రత్యేక ప్రతిభ ఉన్న బాలలకు చెల్లించే శక్తితో సంబంధం లేకుండా వేగంగా ముందుకు సాగే అవకాశం ఇవ్వాలన్నది అందులోని నవోదయ భావనకు మూలం. 1985-86లో హర్యానాలోని ఝజ్జర్‌లో, మహారాష్ట్రలోని అమరావతిలో తొలి రెండు విద్యాలయాలు మొదలయ్యాయి. ఆ వరుసలో కరీంనగర్ జిల్లాకు చొప్పదండిలో, ఆదిలాబాద్ జిల్లాకు కాగజ్‌నగర్‌లో నవోదయ విద్యాలయాలు వచ్చాయి.

ఈ ప్రయోగాన్ని ప్రశ్నించినవారూ ఉన్నారు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఇరుగుపొరుగు పిల్లలంతా కలిసి చదివే సమాన పాఠశాల వ్యవస్థను సూచించింది. 1990లో విద్యావిధానాన్ని సమీక్షించిన ఆచార్య రామమూర్తి సంఘం అదే దృష్టితో నవోదయల ఔచిత్యాన్ని చర్చకు పెట్టింది. కొందరిని ఏరి బాగా చదివించడమా, అందరి బడిని బాగుచేయడమా అన్నది ఆ చర్చలోని మూలప్రశ్న. విధాన స్థాయిలో అది తేలకుండానే క్షేత్రస్థాయిలో ప్రవేశ పరీక్ష స్థిరపడింది.

4. పరీక్షాపత్ర నిర్మాణం - బొమ్మల వెనుక ఆలోచన:

నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష ఐదో తరగతి చదివేవారికి. 2 గంటల వ్యవధి, 80 ప్రశ్నలు, 100 మార్కులు. మానసిక సామర్థ్యానికి 40 ప్రశ్నలు, గణితానికి 20, భాషకు 20. ఒక్కో ప్రశ్నకు సగటున దక్కేది నిమిషమున్నర.

పత్రంలో సగభాగం ఆక్రమించిన మానసిక సామర్థ్య విభాగం మొత్తం బొమ్మలమయం. నాలుగు ఆకారాల్లో పొసగనిదాన్ని గుర్తించడం, ఒకే పోలిక ఉన్నవాటిని జతచేయడం, అసంపూర్ణ నమూనాను పూరించడం, బొమ్మల వరుసలో తరువాతిది చెప్పడం, అద్దంలో ప్రతిబింబాన్ని ఊహించడం, మడిచి చిల్లులు పొడిచిన కాగితం విప్పితే ఎలా ఉంటుందో గుర్తించడం, పెద్ద బొమ్మలో దాగిన చిన్న ఆకారాన్ని పట్టుకోవడం - ఇటువంటి పది రకాలు, ఒక్కో రకానికి నాలుగేసి ప్రశ్నలు.

బొమ్మలకు ఇంత ప్రాధాన్యం ఇవ్వడం వెనుక స్పష్టమైన తర్కం ఉంది. భాషను, పాఠాన్ని అడిగితే చదువుకున్న ఇంటి పిల్లలకు మేలు జరుగుతుంది. బొమ్మకు భాష లేదు కాబట్టి బీడీలు చుట్టే తల్లి బిడ్డ, బొగ్గుబావి కార్మికుడి బిడ్డ, డాక్టరు బిడ్డ దాని ముందు సమానమవుతారన్నది ఆ నమ్మకం. అప్పటికే ఇంగ్లండులో ఈ నమ్మకం పరీక్షకు నిలిచింది. 1944 విద్యాచట్టం తరువాత అక్కడ పదకొండేళ్ళ పిల్లలను వేర్వేరు రకాల మాధ్యమిక పాఠశాలలకు పంచే పరీక్ష వ్యాపించింది. అందులోని బుద్ధిమాపన ప్రశ్నల్లో సాధనతో, శిక్షణతో మార్కులు పెరుగుతాయని ఫిలిప్ వెర్నన్ వంటి మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు 1950వ దశకంలోనే గుర్తించారు. 1965 నుంచి అక్కడి ప్రభుత్వం ఎంపిక లేని ఉమ్మడి పాఠశాలల వైపు మొగ్గింది.

ఉత్తర తెలంగాణ అనుభవం కూడా ఇదే చెబుతుంది. బొమ్మకు భాష లేకపోవచ్చు గానీ అలవాటు ఉంది. మడిచిన కాగితం ప్రశ్నను పరీక్ష గదిలో తొలిసారి చూసిన పదేళ్ళ పిల్ల ముందు దాని అడుగుతున్నదేమిటో అర్థం చేసుకోవాలి. అదే ప్రశ్నను నూరుసార్లు చేసిన పిల్లకు అది గుర్తుపట్టే పని మాత్రమే. నిమిషమున్నర గడువులో ఈ తేడా నిర్ణాయకమవుతుంది. బడి పాఠ్యాంశంలో లేని ప్రశ్నలు కావడం వల్ల వాటికి సిద్ధం కావడం బడిలో జరగదు. బడి బయట నేర్పేవారు కావలసి వస్తారు. పాఠశాల విద్యలోని అసమానత ప్రభావాన్ని తప్పించడానికి పాఠాన్ని పక్కనపెట్టిన పరీక్ష, బడి మీద మాత్రమే ఆధారపడిన పిల్లలకు ఉన్న ఒక్క ఆసరాను కూడా పక్కనపెట్టింది.

తెలంగాణ గురుకులాల ఐదో తరగతి ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఇందుకు భిన్నమైన దారి పట్టింది. దాని 100 మార్కుల్లో మానసిక సామర్థ్యానికి 10 మాత్రమే. తక్కినవి తెలుగు, ఆంగ్లం, గణితం, పరిసరాల విజ్ఞానానివి. ఇది నాలుగో తరగతి పాఠాలను అడుగుతుంది కాబట్టి మంచి ఉపాధ్యాయుడున్న సర్కారు బడి పిల్లలు దీనికి బడిలోనే సిద్ధం కాగలరు. కానీ దీనిని రాసేది నాలుగో తరగతివారు, అంటే తొమ్మిదేళ్ళ వయసువారు. పరీక్ష బడికి దగ్గరైంది, అదే సమయంలో బాల్యంలోకి మరో ఏడాది లోపలికి జరిగింది.

5. నిబంధనల్లో తర్ఫీదు జాడలు:

తర్ఫీదు చరిత్రకు అధికారిక పత్రాలు తక్కువ. గైడ్లు, మాదిరి ప్రశ్నపత్రాలు, బిట్ల పుస్తకాలు ఏడాది తిరిగేసరికి పాత కాగితాల వాడికి చేరతాయి. అయితే ప్రవేశ నిబంధనలను చారిత్రక పత్రాలుగా చదివితే తర్ఫీదు జాడలు వాటిలోనే కనిపిస్తాయి. ప్రతి నిషేధం వెనుకా ఎవరో ఒకరు వెదికిన దొడ్డిదారి ఉంటుంది.

నవోదయ నిబంధనల్లో మూడింటిని ఇక్కడ గమనించాలి. మొదటిది, ఒక విద్యార్థి ఈ పరీక్షను ఒక్కసారే రాయాలి. ఐదో తరగతిని మళ్ళీ చదివించి రెండో ప్రయత్నం చేయించాలనుకునే తల్లిదండ్రులు లేకపోతే ఈ నియమం అవసరం లేదు. రెండోది, కనీసం 75 శాతం సీట్లు గ్రామీణులవి. గ్రామీణ కోటా కోరేవారు మూడు, నాలుగు, ఐదు తరగతులు గ్రామీణ ప్రాంత బడిలోనే చదివి ఉండాలి. చదువు పట్నంలో, పేరు పల్లె బడి రిజిస్టరులో ఉండే పద్ధతికి వేసిన అడ్డుకట్ట ఇది. మూడోది, అభ్యర్థి ఐదో తరగతి చదివే జిల్లా విద్యాలయానికే పోటీ పడాలి. పోటీ తక్కువ అనుకున్న జిల్లాకు తరలిపోయే వీలును ఇది తగ్గిస్తుంది.

పోటీ తీవ్రత సీట్ల సంఖ్యలోనే ఉంది. ఒక విద్యాలయంలో ఏటా ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు. పూర్వ కరీంనగర్‌లోని 57 మండలాలకు పంచితే మండలానికి ఒకటిన్నర సీటు కూడా రాదు. ఆదిలాబాద్‌లోని 52 మండలాలకు పంచితే ఒకటిన్నర దాటుతుంది. ఏ ఊళ్ళోనైనా ఒక పిల్లకు సీటు వచ్చిందంటే అది ఆ బడికి, ఆ సారుకు, ఆ ఇంటికి ఏళ్ళ తరబడి చెప్పుకునే వార్త కావడం ఇందువల్లే.

కరీంనగర్ జిల్లాలో ఈ వార్త విద్యావాణిజ్యంగా మారడానికి అనువైన సామాజిక భూమిక ఉంది. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ వలస, రామగుండం ప్రాంతంలో సింగరేణి, ఎన్టీపీసీ కొలువులు కొన్ని కుటుంబాల చేతికి నగదు ఆదాయం తెచ్చాయి. భూమి కొనలేని సొమ్ము కూడా చదువు కొనగలదన్న ఆశ బలపడింది. 1980, 1990 దశకాల్లో మండల కేంద్రాల దాకా ఆంగ్ల మాధ్యమ ప్రైవేటు బడులు విస్తరించాయి. ఐదో తరగతి పిల్లలకు నవోదయ, సైనిక్ పేర్లతో ప్రత్యేక తరగతులు నడపడం, వసతితో కూడిన కోచింగ్ ఇవ్వడం, ఫలితాల రోజు ఎంపికైన పిల్లల ఫొటోలతో ఫ్లెక్సీలు కట్టడం పరిపాటి అయింది. ప్రభుత్వ పాఠశాలలో ప్రవేశం సాధించడమే ప్రైవేటు బడి గొప్పతనానికి రుజువుగా నిలిచిన విచిత్ర స్థితి ఇది.

ఈ తర్ఫీదునంతా వ్యాపారంగా కొట్టిపారేయడం సరికాదు. బడివేళ తరువాత పైసా తీసుకోకుండా పిల్లలను కూర్చోబెట్టి లెక్కలు చేయించిన సర్కారు బడి సార్లు, టీచర్లు రెండు జిల్లాల్లోనూ ఉన్నారు. దరఖాస్తు నింపడం, కుల ధ్రువీకరణ పత్రం తెప్పించడం, ఓఎంఆర్ పత్రంలో గడిని ఎలా నింపాలో చూపించడం వంటివి కూడా తర్ఫీదులో భాగమే. చదువురాని తల్లిదండ్రులకు ప్రభుత్వ వ్యవస్థను చదివి వినిపించినవారు వారు. అందువల్ల తర్ఫీదును ప్రతిభకు కల్తీగా కంటే, ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న ప్రశ్నగా చూడటం చరిత్రకు ఎక్కువ ఉపయోగపడుతుంది. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ విడుదల చేసిన కోచింగ్ కేంద్రాల మార్గదర్శకాలు 16 ఏళ్ళలోపు వారిని చేర్చుకోరాదన్నాయి. తొమ్మిది, పదేళ్ళ వారికి పోటీ పరీక్షలు యథాతథంగా ఉండగా తర్ఫీదును మాత్రమే నిషేధిస్తే అది కనబడకుండా పోతుంది గానీ లేకుండా పోదు.

6. ఆదిలాబాద్ - భాష అనే తొలి ప్రశ్న:

పూర్వ ఆదిలాబాద్ 16 వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన జిల్లా. నవోదయ విద్యాలయం తూర్పు అంచున కాగితపు మిల్లు పట్టణం కాగజ్‌నగర్‌లో ఉంది. పశ్చిమాన బోథ్, నార్నూర్ వైపు గూడేల నుంచి అది చాలా దూరం. 2011 లెక్కల ప్రకారం జిల్లా జనాభాలో షెడ్యూల్డు తెగలవారు సుమారు 18 శాతం. నవోదయలో ఎస్టీ కోటా కనీసం 7.5 శాతం, అంతకు మించి జిల్లా జనాభా నిష్పత్తి ఉంటే ఆ మేరకు. కనుక సీట్ల లెక్కలో ఆదిలాబాద్ గిరిజన బాలలకు వాటా ఉంది. కానీ గోండు, కొలాం, తోటి, లంబాడా తదితర సమూహాలన్నింటికీ కోటా ఒక్కటే. అత్యంత వెనుకబడిన తెగలుగా ప్రభుత్వమే గుర్తించిన కొలాం, తోటి పిల్లలు కూడా ఆ ఒక్క వరుసలోనే నిలబడాలి.

పరీక్ష భాష ఇంకా లోతైన సమస్య. నవోదయ ప్రవేశ పరీక్షను తెలుగు, ఉర్దూ, మరాఠీలతో సహా అనేక భాషల్లో నిర్వహిస్తారు. ఈశాన్య రాష్ట్రాల బోడో, గారో, ఖాసీ, మిజో భాషలకు ఆ జాబితాలో చోటుంది. గోండీకి గానీ కొలామీకి గానీ లేదు. ఇంట్లో గోండీ మాట్లాడే పిల్లలకు తెలుగు బడిలో పరిచయమయ్యే రెండో భాష. భాషా విభాగంలో నాలుగు గద్యభాగాలు చదివి 20 ప్రశ్నలకు జవాబు గుర్తించాలి. తెలుగు మాతృభాషగా ఉన్నవారికి ఇది అవగాహన పరీక్ష. గోండు పిల్లలకు ఇది ముందు అనువాద పరీక్ష, ఆ తరువాతే అవగాహన పరీక్ష.

1943లో గోండీ వాచకంతో మొదలైన చదువు, నలభై ఏళ్ళ తరువాత గోండీ లేని ప్రవేశ పరీక్ష దగ్గరికి చేరింది. మార్లవాయి ప్రయోగం కొనసాగి ఉంటే ఆ ప్రాంతపు పిల్లలు ఎన్ని సీట్లు గెలిచేవారో చెప్పలేం. భాషను పక్కనపెట్టి బొమ్మలతో సమానత్వం సాధించాలనుకున్న పరీక్ష, భాషే తొలి అడ్డంకి అయినవారి విషయంలో ఆ సమస్యను తాకలేదన్నది మాత్రం స్పష్టం. కరీంనగర్‌లో అసమానత తర్ఫీదు దగ్గర మొదలైతే, ఆదిలాబాద్ గూడేల్లో అది తర్ఫీదుకు ముందే మొదలైంది.

7. పరీక్ష, లాటరీ, మార్కులు - మూడు ఎంపిక పద్ధతులు:

ఎంపికకు పరీక్ష ఒక్కటే మార్గం కాదని ఈ రెండు జిల్లాల అనుభవమే చూపుతుంది. హైదరాబాదు పబ్లిక్ స్కూలులో ప్రభుత్వ ఖర్చుతో చదివే ఎస్సీ, ఎస్టీ చిన్నారులను ఒకటో తరగతికి జిల్లాల్లో లాటరీ తీసి ఎంపిక చేస్తారు. బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకం కింద ప్రైవేటు బడులకు పంపే పిల్లల ఎంపికలోనూ జిల్లా కేంద్రంలో అధికారుల సమక్షంలో లాటరీ తీయడం ఆనవాయితీ. ఆ విధంగా ఒక వింత పరిస్థితి ఏర్పడింది. పేద పిల్లలు ప్రైవేటు బడిలో ప్రవేశించాలంటే చీటీ చాలు. సర్కారు వసతి బడిలో ప్రవేశించాలంటే పోటీ పరీక్ష రాయాలి.

చట్టం కూడా ఈ తేడాను గుర్తుచేస్తుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రవేశాల్లో పిల్లలను గానీ తల్లిదండ్రులను గానీ వడపోతకు గురిచేయరాదంటుంది. ఒకరిని కాదని మరొకరిని ఎంచుకునే పద్ధతుల్లో యాదృచ్ఛిక ఎంపిక ఒక్కటే ఆ నిర్వచనానికి బయట ఉంది. నవోదయ, కేంద్రీయ, సైనిక్ పాఠశాలలను అదే చట్టం నిర్దిష్ట వర్గానికి చెందిన పాఠశాలలుగా విడిగా పేర్కొంది. చట్టం ఆదర్శం లాటరీ వైపు, ఆచరణ పరీక్ష వైపు నిలిచాయి.

మూడో పద్ధతికి వేదిక ఆదిలాబాద్ జిల్లాలోని బాసరే. 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పదో తరగతి పూర్తిచేసిన గ్రామీణ విద్యార్థులను ప్రత్యేక ప్రవేశ పరీక్ష లేకుండా, పదో తరగతి ఫలితాల ఆధారంగా చేర్చుకుంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల పాఠశాలల్లో చదివినవారి జీపీఏకు 0.4 పాయింట్లు కలిపే పద్ధతిని పాటించింది. విద్యార్థి సాధించినదానితో పాటు ఏ పరిస్థితుల్లో సాధించారన్నదాన్ని కూడా ఎంపిక లెక్కలోకి తీసుకున్న ప్రయోగం ఇది. ప్రవేశ పరీక్ష బిడ్డను ఇల్లు, బడి, ఊరు నుంచి విడదీసి ఒంటరిగా కొలుస్తుంది. బాసర పద్ధతి ఆ నేపథ్యానికి ఒక అంకె ఇచ్చింది. ఆ అంకె చాలునా అన్నది వేరే చర్చ. నేపథ్యాన్ని లెక్కించవచ్చునన్న సూత్రాన్ని అంగీకరించడమే ముఖ్యం.

2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత సాంఘిక, గిరిజన, వెనుకబడిన తరగతుల, మైనారిటీ గురుకులాలు పెద్దఎత్తున పెరిగాయి. చొప్పదండి మండలం రుక్మాపూర్‌లో సాంఘిక సంక్షేమ గురుకుల సైనిక్ పాఠశాల వెలసింది. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం రాష్ట్రానికి ఆమోదించిన ఏడు కొత్త నవోదయల్లో జగిత్యాల ఒకటి. సీట్లు పెరిగినకొద్దీ పరీక్ష స్వభావం మారుతుంది. 80 సీట్ల దగ్గర అది వడపోత. చాలినన్ని సీట్లు ఉంటే అది కేవలం నమోదు. పరీక్ష కాఠిన్యం ప్రతిభ ప్రమాణం వల్ల కాక సీట్ల కొరత వల్ల పుట్టిందని దీన్నిబట్టి అర్థమవుతుంది.

8. ముగింపు:

సర్వేలు, నవోదయ ప్రయోగాలు ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి ఎందరికో మరోవిధంగా దక్కని చదువును అందించాయి. ఆ మేలు చిన్నది కాదు. అయితే తర్ఫీదు లేని ప్రతిభను గుర్తించగల పరీక్ష ఉంటుందన్న తొలి నమ్మకం ఈ రెండు జిల్లాల అనుభవంలో నిలవలేదు. పాఠాన్ని తప్పిస్తే తర్ఫీదు బొమ్మలకు చేరింది. వయసు తగ్గిస్తే తర్ఫీదు వయసూ తగ్గింది. నిబంధన పెడితే అది నిబంధన పక్కగా దారి చేసుకుంది. పరీక్ష ఏది కొలుస్తుందో దానికి సిద్ధం కావడం కుటుంబాల సహజ స్పందన. ఆ స్పందనకు శక్తి చాలని ఇళ్ళ పిల్లలే చివరకు మిగిలిపోయారు.

తర్ఫీదును ఉపాధ్యాయుడి బాధ్యతగా, పిల్లల సొంత భాషలో, వారి ఊళ్ళోనే నిలిపిన నమూనా 1943లో మార్లవాయిలో ఉంది. నేపథ్యాన్ని ఎంపికలో లెక్కించిన నమూనా 2008 తరువాత బాసరలో ఉంది. ఎంపిక అనివార్యమైన చోట ప్రవేశ పరీక్షను సవరించాలనుకునేవారికి ఈ రెండూ ఇంటి దగ్గరి ఆధారాలే. నాలుగు, ఐదు తరగతులకు బడివేళల్లోనే ఆ ప్రశ్నల తీరును ఉచితంగా పరిచయం చేయడం, గోండీ, కొలామీ మాతృభాషగా ఉన్నవారికి పరీక్ష భాషలో వెసులుబాటు కల్పించడం, బడి నేపథ్యానికి ఎంపికలో విలువ ఇవ్వడం అసాధ్యమైన పనులు కావు. అదేవిధంగా పాత గైడ్లు, మాదిరి ప్రశ్నపత్రాలు, పాఠశాలల ప్రవేశ రిజిస్టర్లు చెదిరిపోకముందే సేకరించి, ఉపాధ్యాయుల మౌఖిక కథనాలతో కలిపి అధ్యయనం చేయవలసి ఉంది. తెలుగు ప్రాంతాల బాల్య చరిత్రలో ఒక పెద్ద అధ్యాయానికి ముడిసరుకు అందులోనే ఉంది.